డొక్కలు ఎగరడం లేదన్నాను

దగ్గుల్లో నాకు తెలియని దగ్గు లేదు. పక్కింటి పిల్ల దగ్గితే గోడకు ఇవతల కూర్చుని అది ఏ దగ్గో చెప్పేస్తాను. గొప్ప కోసం చెప్పుకోవడం కాదు. ఈ విద్య నాకెందుకు అబ్బిందా అని ఏడ్చిన రోజులే ఎక్కువ.

మొన్న చలి బాగా ముదిరాక నా మనవరాలిని బాన్సువాడలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. బెంచీ మీద మా అమ్మాయి పాపను ఒళ్ళో పెట్టుకుని, ఫోను చూస్తూ ఒకటే గొణుగుడు.

"అమ్మా, గీండ్ల జూడు. ముక్కు కారితె జలుబంట, ఒళ్ళు నొప్పులుంటె ఫ్లూ అంట, ఊపిరి ఫాస్టుగ తీస్తె నిమోనియా అంట. మన పాపకు ఏమైందో ఏం సమజైతలేదు."

"గా ఫోను అవతల వారెయ్యి. ముందు పొల్ల అంగి లేపు" అన్నాను.

లేపింది. పొట్ట మెత్తగా కదులుతోంది. పక్కటెముకల కింద గుంట పడటం లేదు, ముక్కుపుటాలు అదరడం లేదు. పిల్ల నా గాజులు లాగి నోట్లో పెట్టుకునే పనిలో ఉంది. పడిశమే, భయం లేదన్నాను. కాసేపటికి డాక్టరమ్మ కూడా అదే మాట అంది. "మీకెట్ల తెల్సింది పెద్దమ్మా?" అని నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు. బయటికొచ్చాక మా అమ్మాయి, "మొఖం గట్ల వెట్టినవేందే, పాప మంచిగనే ఉంది గదా" అంది. ఏం చెప్పను దానికి? ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. మా ఊరికి ఒక పక్క మంజీర, ఇంకో పక్క చెరకు తోటలు. చలికాలం వచ్చిందంటే ఊరంతా బెల్లం వాసన. గానుగ దగ్గర పెద్ద పెనంలో చెరకురసం కుతకుతమని ఉడుకుతుంటే, మేము చెరకు ముక్కను పాకంలో ముంచి, ఊదుకునే ఓపిక లేక అలాగే నోట్లో పెట్టుకునేవాళ్ళం. నాలుక బొబ్బలెక్కేది. గానుగ మనిషి కర్ర పట్టుకుని తరిమేవాడు. దొరికినవాళ్ళ వీపు చిట్లాల్సిందే. ఆ రోజుల్లో కొట్టడానికి ఎవరికీ పెద్ద కారణం అక్కర్లేదు. బళ్ళో పంతులు కొట్టేవాడు. ఇంట్లో నాన్న అమ్మను కొట్టేవాడు, అమ్మ నన్ను కొట్టేది. అందరికంటే గట్టి చెయ్యి మా నాయనమ్మది.

నాయనమ్మను మేమే కాదు, ఊరంతా అవ్వ అనేది. వాతలు పెట్టే అవ్వ అంటే చుట్టుపక్కల ఊళ్ళలో, తండాల్లో తెలియని తల్లి లేదు. చలి మొదలైతే చాలు, పొద్దు పొడవకముందే మా వాకిట్లో చంటిపిల్లల తల్లులు వరసగా కూర్చునేవాళ్ళు. ఒకవైపు వెల్లుల్లి వేసి కాచిన నూనె వాసన, ఇంకోవైపు నిప్పుల మీద వాము చిటపటలు. అవ్వ పొయ్యి పక్కన పీట వేసుకుని, పిల్ల వీపుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేది. ఆ కాసేపు వాకిట్లో ఎవరూ నోరెత్తకూడదు. ఎత్తితే బూతులు.

"గిది పడిశం. ముక్కెంట నీళ్ళు గారుతున్నయ్, పోరడు ఆడుకుంటుండు, రొట్టె తింటుండు. దీనికి నా తాన్కి వచ్చినవా? పో, వాము పొట్లంతోని రొమ్ముకు కాపు వెట్టు" అని ఒకామెను కసిరేది.

ఇంకొకామెతో, "నీ ఇంట్ల అందరు మంచాన వడ్డరా? ఒక్కపాలే జరం, ఒళ్ళంత ఇరగ్గొట్టినట్టున్నదా? గిది గాలి జరం. వారం దినాలు మంచంల పండవెట్టు, గంజి వొయ్యి" అనేది.

దగ్గీ దగ్గీ మొహం నీలంగా మారి, చివర కూతలాంటి చప్పుడుతో ఊపిరి లోపలికి లాక్కుని కక్కుకుంటే కోరింత దగ్గు. ఆ పిల్లల్ని మిగతా పిల్లలకు దూరంగా కూర్చోబెట్టేది. జ్వరం లేకుండా, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తే ఆయాసం. ఇవన్నీ అవ్వకు చెవితోనే తెలిసిపోయేవి. నేను బడి ఎగ్గొట్టడానికి కోరింత దగ్గు నేర్చుకుని, కళ్ళు తేలేసి మరీ దగ్గితే, రొట్టెలు చేస్తున్న అవ్వ వెనక్కి కూడా తిరగకుండా, "దొంగ దగ్గు. లేచి బడికి వోతవా, చీపురు తియ్యాల్నా?" అంది. ఆ రోజు చీపురుదెబ్బలు తినే బడికి వెళ్ళాను.

అన్నింట్లోకి భయమైంది డబ్బ. నిమోనియా అని ఇప్పుడంటున్నామే, అదే. ఒళ్ళు కాలిపోతుంటుంది. పిల్ల ఏడవదు, మూలుగుతుంది. పాలు గుంజదు. ముక్కుపుటాలు అదురుతాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడి డొక్కలు ఎగురుతాయి. దీనికి మాత్రం చెవి ఒక్కటే చాలదని, కంటితో చూడాలని అవ్వ అనేది. డొక్కలు ఎగిరితేనే డబ్బ, ఎగరకపోతే కాదు.

డబ్బ అని తేలితే వాతలు. వడ్ల బస్తాలు కుట్టే దబ్బనాన్ని పిడకల నిప్పుల్లో ఎర్రగా కాల్చి, డొక్కకు రెండు చొప్పున నాలుగు వాతలు పెట్టేది. అంతసేపు మూలిగిన పిల్ల ఒక్కసారిగా కెవ్వుమనేది. "గట్టిగ ఏడిస్తెనే నెమ్ము ఇరుగుతది" అని అవ్వ నమ్మకం. అవ్వది ఒక్కదానిదే కాదు, అందరి నమ్మకమూ అదే. బతికిన పిల్లలు అవ్వ చేతి చలవ, చచ్చిన పిల్లలు దేవుడి రాత. వాతలు పెట్టాక కూడా తగ్గకపోతే అప్పుడు బండి కట్టుకుని బాన్సువాడ దవాఖానకు పోయేవాళ్ళు. పడిశమని తేలితే మాత్రం ఎవరూ ఎక్కడికీ పోరు. అవ్వ చెప్పింది కదా!

వాతలు పెట్టేటప్పుడు పిల్లల కాళ్ళు పట్టుకోవడం నా పని. కాలిన చర్మం వాసన ఎలా ఉంటుందో నన్నడగండి. ఆ వాసన జుట్టులో చేరితే కుంకుడుకాయకు కూడా పోదు.

ఆ ఏడాది అవ్వ కళ్ళకు పొర కమ్మింది. మనిషి నీడలా తప్ప కనబడటం లేదు. ఈ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఒకరోజు నా చెవి మెలిపెట్టి దగ్గరికి లాక్కుని, "బయట ఎవ్వలకన్న సెప్పినవంటే నాలికె కోస్త. ఇగ నా కండ్లు నువ్వే. డొక్కలు నువ్వు సూడు, చెవి నేను వెడ్త" అంది. అప్పటినుంచి తల్లి పిల్లకు అంగీ విప్పగానే నేను వంగి చూసి అవ్వ చెవిలో చెప్పేదాన్ని. ఎగురుతున్నయ్, లేదా ఎగుర్తలేవు. అంతే. మొదట్లో నాకు ఎంత పొగరో! ఊళ్ళో పెద్దవాళ్ళు వణికే అవ్వ నా మాట మీద నడుస్తోంది మరి.

ఆ పొగరు ఎన్నాళ్ళో లేదు. ఒక పిల్లాడికి నేను ఎగురుతున్నాయని చెప్పాను. వాత పడగానే వాడు నా చేతుల్లోనే ఉచ్చ పోసుకుని, కళ్ళు తెరిచి నా మొహంలోకే చూశాడు. ఆ తర్వాత రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. నేను చెప్పబట్టే కదా వాణ్ణి కాల్చారు అనిపించింది.

సరిగ్గా ఆ మూడో రోజు కాలవ అవతలి తండా నుంచి ఒక తల్లి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. చెరకు కొట్టే కూలికి పోతుండేది. ఎనిమిది నెలల ఆడపిల్లను పాత దుప్పట్లో చుట్టి తెచ్చింది. విప్పగానే చూశాను. డొక్కలు ఎగురుతున్నాయి. ముక్కు అదురుతోంది. చిన్న మూలుగు. అంతలో ఆ పిల్ల చెయ్యి చాపి నా వేలు పట్టుకుంది.

"ఎగురుతున్నయా?" అంది అవ్వ.

"లేదవ్వా. ఎగుర్తలేవు."

అవ్వ పిల్ల వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. మొహం చిట్లించి, "నాకైతె డబ్బ లెక్కనే ఇనవడుతుంది. సరిగ సూడే పోరీ" అంది మెల్లగా.

"సరిగనే సూశిన. ఎగుర్తలేవు."

నేను మూడోసారి అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. దబ్బనాన్ని పక్కకు నెట్టి, "పడిశమే బిడ్డా. కాపు వెట్టు, తగ్గుతది" అంది. ఆ తల్లి మొహం వెలిగిపోయింది. వాతలు తప్పాయని అవ్వ కాళ్ళకు మొక్కి, నా బుగ్గ కూడా గిల్లి వెళ్ళింది. ఆ పొద్దు నేను జొన్నరొట్టెలో కొత్త బెల్లం పెట్టుకుని కడుపునిండా తిన్నాను. ఒక పిల్లను కాపాడానన్న సంబరం! ఎంత తెలివితక్కువ ముండను.

నాలుగో రోజు పొద్దెక్కాక వచ్చింది ఆమె. చేతుల్లో పిల్ల లేదు. జుట్టు విరబోసుకుని, తన భాషలో ఏదో అరుస్తూ వాకిట్లోకి దూసుకొచ్చి, పీట మీద ఉన్న అవ్వను జుట్టు పట్టి కిందికి లాగింది.

"పడిశమన్నవ్! ముసల్దానా, పడిశమన్నవ్! గిదేనా పడిశం? నిన్న వొద్దుగాల బొందవెట్టి వచ్చిన నా బిడ్డను!"

అవ్వ తలను రోలుకేసి కొట్టింది. ఒకసారి కాదు. నుదురు పగిలి నెత్తురు కళ్ళలోకి కారుతున్నా అవ్వ చెయ్యి పైకి లేవలేదు. అమ్మ పట్టుకోబోతే అమ్మను ఒక్క తోపు తోసింది. అప్పుడు పొలం నుంచి నాన్న వచ్చాడు. వస్తూనే బండి కర్ర అందుకుని ఆమెను కొట్టాడు. ఆమె తలకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి విరిగిన చప్పుడు నేను విన్నాను. చప్పుళ్ళు గుర్తుపట్టడం నేర్పిన ఇల్లు కదా మాది, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలోంచి పోలేదు.

"కొట్టకురా! దాన్ని కొట్టకు!" అని అవ్వ నేల మీద పాకుతూ అరుస్తోంది. "తప్పు నాదేరా. నేనే చెప్పిన పడిశమని."

తండా మగవాళ్ళు వచ్చారు, మా వీధివాళ్ళు వచ్చారు. రాళ్ళు, కర్రలు, బూతులు. ఇంటి పెంకులు పగిలాయి. ఇద్దరు ముగ్గురి తలలు పగిలాయి. నేను మంచం కింద దూరి చెవులు మూసుకున్నాను. బయటికి వచ్చి ఒక్క మాట చెబితే చాలు. ఎగిరినయ్, నేనే అబద్ధం చెప్పిన అని. చెబితే నన్ను చంపేస్తారనుకున్నాను. అందుకే రాలేదు.

ఆ తర్వాత అవ్వ వాకిట్లో పీట వేయలేదు. నుదుటికి పసుపు గుడ్డ కట్టుకుని గోడకు మొహం పెట్టి కూర్చునేది. పన్నెండు రోజులో పదిహేను రోజులో గడిచాయి. అప్పుడు మా చెల్లెకు తగిలింది.

చెల్లెకు ఏడాదిన్నర. మొదట ముక్కు కారింది. పడిశమే. రెండు రోజులకు ఒళ్ళు కాలిపోయింది. మూడో రోజు పొద్దున అమ్మ పాలిస్తే గుంజలేదు. నేను అంగీ లేపి చూశాను.

"ఎగుర్తున్నయ్! అవ్వా, ఎగుర్తున్నయ్! మస్తు ఎగుర్తున్నయ్!" అని వీధంతా వినబడేలా అరిచాను.

అవ్వ లేచి వచ్చి చెవి పెట్టింది. "డబ్బనే" అంది. "దబ్బనం తేరా." నాన్న నిప్పులు రాజేశాడు. "నువ్వు కాళ్ళు వట్టుకోవే" అన్నాడు నాతో. పట్టుకున్నాను. చెల్లె కాళ్ళు పొయ్యిలోంచి తీసినట్టు వేడిగా ఉన్నాయి. ఎర్రగా కాలిన దబ్బనం, కళ్ళు కనబడని అవ్వ చేతిలో తడుముకుంటూ కిందికి వస్తోంది. ఇంకో జానెడు దూరంలో ఉండగా నేను కాళ్ళు వదిలేసి అవ్వ మణికట్టు కొరికాను. పళ్ళు దిగేదాకా కొరికాను. దబ్బనం జారి నా మోచేతి మీద పడింది. నేను వేసిన కేకకు నాన్న నా జుట్టు పట్టి గోడకేసి విసిరాడు. కింద పడ్డాక డొక్కలో తన్నాడు.

అప్పుడు లేచింది మా అమ్మ. నాన్న ఎదురుగా తలెత్తి ఎరగని మనిషి. పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి, నాన్న మొహం ముందు పెట్టింది.

"ఒక్క అడుగు ముందట్కి ఏశినవంటే మొఖం కాలుస్త. అత్తా, నువ్వు గూడ జరుగు. ఒక పొల్లకు నీ చెవి తప్పింది. నా బిడ్డ మీద నీ చెవి వద్దు, నీ చెయ్యి వద్దు. నేను దవాఖానకు వోతున్న."

నాన్న ఒక అడుగు వేశాడు. అమ్మ నిజంగానే కాల్చింది. భుజం మీద చొక్కా అంటుకుంది. ఆయన దాన్ని ఆర్పుకునేలోపు అమ్మ చెల్లెను చంకనేసుకుని రోడ్డెక్కింది. నేను కాలిన చెయ్యి పట్టుకుని వెనకే పరిగెత్తాను. చెరకు ట్రాక్టరు ఒకటి ఆగింది. చెరకు మీద కూర్చుని బాన్సువాడ చేరేదాకా నేను చెల్లె డొక్కల మీదనుంచి కళ్ళు తీయలేదు.

దవాఖానలో డాక్టరు చెల్లె అంగీ లేపి మొదట చూసింది వాతల కోసమే. లేకపోయేసరికి ఆశ్చర్యపోయి, "వాతలు లేకుండ తెచ్చిండ్రా? మంచి పని చేశిండ్రు. ఇంకో దినం ఐతె నా చేతుల్ల కూడ లేకుండె" అన్నాడు. సూదులు పొడిచారు, ముక్కుకు గొట్టం పెట్టారు. మూడు రోజులకు చెల్లె ఏడ్చింది, నాలుగో రోజు పాలు తాగింది. ఇప్పుడు రుద్రూర్‌లో ఉంటుంది. నోరు తెరిచిందంటే ఇంటి కప్పు లేవాల్సిందే, అంత గట్టి ఊపిరి దానిది.

ఆరో రోజు అవ్వ వచ్చింది. నాన్న ఆమెను గుమ్మం దాకా తీసుకొచ్చి, తాను లోపలికి రాకుండా బయటే ఆగిపోయాడు. అవ్వ తడుముకుంటూ వచ్చి చెల్లె వీపుకు చెవి పెట్టింది. అమ్మ వద్దనలేదు. "ఇరిగింది నెమ్ము" అని అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, నా కట్టు మీద వేళ్ళు పెట్టింది. ఆమె మణికట్టు మీద నా పళ్ళ గాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కొడుతుందనుకుని తల వంచుకున్నాను.

కొట్టలేదు. "ఒక్క ముచ్చట నిజం సెప్పు బిడ్డా. నిన్నేమన. గా తండ పొల్లకు గూడ ఎగిరినయా?"

ఆమె గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు. అమ్మ నావైపు చూస్తోంది. చెబుదామనే నోరు తెరిచాను.

"లేదవ్వా" అన్నాను.

అవ్వ నా చెయ్యి వదిలేసింది. "గట్లైతె నా చెవే వోయింది" అంది.

మళ్ళీ ఏ పిల్లకూ చెవి పెట్టలేదు అవ్వ. తరువాతి చలికాలం కూడా తల్లులు వచ్చారు. "నాకు ఇనవడ్తలేదు, బాన్సువాడకు వోండ్రి" అని తిప్పి పంపేది. వాళ్ళు పోయేవాళ్ళు. ఎందరు పిల్లలకు వాతలు తప్పాయో, ఎందరు బతికారో నాకు తెలియదు. నా అబద్ధం వల్ల మంచే జరిగిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ పిల్ల దగ్గు వినబడినప్పుడల్లా అవ్వ తల అటు తిరిగేది, పెదవులు కదిలేవి, తర్వాత తనే చెవి మూసుకునేది. అది చూసినప్పుడు నేను చెప్పుకున్నదేదీ నిలబడేది కాదు. అవ్వ చెవి ఎప్పుడూ తప్పలేదు. ఆ పిల్ల వీపులో ఆమె విన్నది డబ్బే. ఆ సంగతి తెలియకుండానే కన్నుమూసింది అవ్వ.

తండా తల్లి మాత్రం చాలా ఏళ్ళు బతికింది. పదేళ్ళ కింద బాన్సువాడ బస్సులో నా పక్కనే వచ్చి కూర్చుంది. వంకరగా అతుక్కున్న చెయ్యి చూసి గుర్తుపట్టాను. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది. నా పిల్లల గురించి అడిగింది, చెల్లె గురించి అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, "మీ అవ్వను నేను గట్ల కొట్టొద్దుండె బిడ్డా. కండ్లు లేని ముసలామెనని నాకు తర్వాత తెల్సింది. ఆమె కావాల్నని చేశిందా? చెవి తప్పింది, గంతే. నాకిప్పటికి నిద్ర వట్టది. ఆమెనైతె మాఫ్ చెయ్యమని అడగకపోతి" అంది. నా చెయ్యి పట్టుకుంది.

నేను ఆమె చెయ్యి నిమిరి, "మాఫ్ చేశింది అక్కా, అవ్వ ఎప్పుడో మాఫ్ చేశింది" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, నన్ను దీవించి, తన స్టేజీలో దిగిపోయింది.